తలనొప్పి ఉందా?

రెండు రోజుల మంచు కోసం తొమ్మిది రోజులు ఖర్చుపెట్టాం. లెక్క చెప్తా, వినండి. మంగళవారం పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బుధవారం పొద్దున ఢిల్లీ. అక్కణ్నుంచి రాత్రికి డెహ్రాడూన్. గురువారం తెల్లవారకముందే జీపు ఎక్కితే ముస్సోరీ, పురోలా, మోరి మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు, పది గంటల ఘాట్ రోడ్డు. సాయంత్రానికి సాంక్రీ అనే ఊరు. శుక్రవారం నడక మొదలు. శని, ఆదివారాలు మంచులో. ఆ తర్వాత ఇదంతా మళ్లీ వెనక్కి. సెమిస్టర్ ఎగ్జామ్స్ తర్వాత దొరికిన సెలవుల్లో సగం అట్లా పోయాయి.

మేం వెళ్లింది కేదార్‌కంఠా. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా, గోవింద్ పశు విహార్ అనే రక్షిత అడవిలో ఉంటుంది. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. ఎవరెస్ట్‌లో సగం కూడా కాదు. కానీ మన వరంగల్ ఎత్తు 300 మీటర్లకు లోపే అని గుర్తుంచుకోండి. పద్మాక్షి గుట్ట మెట్లెక్కి "అబ్బా, ఎంత హైట్" అనుకునే వాళ్లం మనం. మా కాలేజీ నుంచి ఐదుగురం, మిగతావాళ్లు వేరే వేరే ఊళ్ల నుంచి, మొత్తం పద్నాలుగు మంది. అమ్మాయిలం నేనూ, మా రూమ్మేటూ, బెంగళూరు నుంచి వచ్చిన ఒక అక్కా.

ఎక్కడం కంటే ఇంట్లో ఒప్పించడమే కష్టమైంది. నాన్న ఏనుమాముల మార్కెట్లో గుమస్తా. రోజంతా మిర్చి బస్తాల లెక్కలు చూసి వచ్చే మనిషికి "నాన్నా, కొండ ఎక్కడానికి ఉత్తరాఖండ్ పోతా" అంటే ఎట్లుంటది? "ఎక్కి ఏం జేస్తవ్?" అన్నాడు. "దిగుతా" అన్నా. ఆ జోకు పనిచేయలేదు.

అప్పుడు పూర్ణ పేరు తీశా. మీకు తెలిసే ఉంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ, గురుకుల పాఠశాలలో చదువుకుంటూ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి అంతకుముందు ఎవరూ లేరు. ఆమెతో పాటే ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ల శిక్షణ మొదలైంది ఎక్కడో కాదు, భువనగిరి కోట బండ మీద. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే ప్రతిసారీ రైలు కిటికీలోంచి కనిపించే ఆ బండే. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో. దాని మీద తాళ్లు కట్టుకుని ఎక్కడం నేర్చుకున్న పిల్లలు ఎవరెస్ట్ దాకా పోయారని తెలిశాక ఆ బండ వేరేగా కనిపించింది.

"ఆమెకు నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చిండ్రు. నీకెవరిచ్చిండ్రు?" అన్నాడు నాన్న. న్యాయమైన ప్రశ్న. కాబట్టి రెండు నెలలు రోజూ పొద్దున గ్రౌండ్‌లో ఐదు కిలోమీటర్లు పరుగెత్తా. ఆదివారాలు బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని పద్మాక్షి గుట్ట ఎక్కీ దిగీ వీడియో తీసి నాన్నకు పంపా. చివరికి ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు: "ఏమన్న అయితే మాత్రం ఇగ ఎక్కడికీ పంప. ముందే చెప్తున్న." ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. తర్వాత పని ఉంది దీనితో.

నానమ్మ మాత్రం ఒక్కటే మాటంది: "మంచుల తిరుగకు బిడ్డా, సర్ది చేస్తది. పైలం."

ఇక్కడ నాకు ఒక చిక్కొచ్చింది. నానమ్మ మంచు వేరు, నేను చూడబోయే మంచు వేరు. డిసెంబర్ పొద్దున చెరువు మీద పొగలా లేచేదీ మంచే, వరి గడ్డి మీద తడిగా కూర్చునేదీ మంచే, హిమాలయాల్లో ఆకాశం నుంచి రాలేదీ మంచే, గట్టిపడి రాయిలా జారేదీ మంచే. నేను ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియం. అక్కడ వీటికి నాలుగు పేర్లు నేర్పారు, ఒక్కదాన్నీ చూపించలేదు. నానమ్మకు ఒకే పేరు, కానీ అందులో రెండు ఆమె రోజూ చూసేవే. "రాళ్లవాన పడతది గదా నానమ్మా, ఆ రాళ్లు దూదిలెక్క మెత్తగ అయ్యి, చప్పుడు లేకుండ పడితే ఎట్లుంటది, అట్ల" అని చెప్పా. ఒకసారి రాళ్లవానకు మిర్చి తోట మొత్తం పోయిన మనిషి ఆమె. "చప్పుడు లేకుండ పడితే ఇంకా భయం" అంది. అప్పుడు నవ్వా గానీ, అది నిజమే.

సీజన్ మొదట్లో పడే మంచు గురించి రెండు మాటలు చెప్పాలి. జనవరి, ఫిబ్రవరిలో వెళ్తే మంచు మందంగా పేరుకుని ఉంటుంది, వందల మంది నడిచిన దారి గట్టిపడి మెట్లలా ఉంటుంది. డిసెంబర్ మొదట్లో అట్లా కాదు. జానెడు మంచు, దాని కింద ఏముందో తెలీదు. గడ్డి ఉండొచ్చు, రాయి ఉండొచ్చు, చెట్టు వేరు ఉండొచ్చు. పగలు ఎండకు పై పొర కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకట్టి అద్దంలా అవుతుంది. అడుగు వేస్తే ఒకసారి మోస్తుంది, ఒకసారి పగిలి మోకాలి దాకా దిగుతుంది. బూట్లకు కింద ముళ్ల గొలుసులు తొడుక్కుని నడిచాం. మొదటి గంట అందరం పిల్లల్లా అరిచాం, ముద్దలు చేసి విసురుకున్నాం. రెండో గంట నుంచి ఎవరి ఊపిరి వాళ్లకే వినిపించింది.

శుక్రవారం సాంక్రీ నుంచి (సుమారు 1,950 మీటర్లు) జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు దాకా (2,770 మీటర్ల చుట్టుపక్కల) వచ్చాం. ఓక్ చెట్లు, పైన్ చెట్లు, కొమ్మల మీద మంచు. అక్కడే గుడారాల్లో పడుకున్నాం. శనివారం మధ్యాహ్నానికి కేదార్‌కంఠా బేస్ క్యాంపు, సుమారు 3,430 మీటర్లు. చెట్లు అయిపోయి ఖాళీ తెల్లటి వాలు మొదలయ్యే చోటు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లేచి శిఖరం ఎక్కాలి. సూర్యోదయానికి పైన ఉండాలి.

బేస్ క్యాంపులో మేఘాలు కాసేపు విడిపోయినప్పుడు గైడ్ చెయ్యి చాపి ఒక్కో కొండ పేరు చెప్పాడు. బందర్‌పూంఛ్. కాలానాగ్. స్వర్గారోహిణి. ఆ చివరి పేరు దగ్గర ఆగి, "పాండవులు స్వర్గానికి నడిచి పోయింది దాని మీదుగానే" అన్నాడు హిందీలో, మన దగ్గర "బస్టాండుకు ఇట్లనే పోవాలె" అన్నంత మామూలుగా. బదరీనాథ్ అవతల సతోపంత్ వైపు కూడా ఇదే కథ చెప్తారట. ఆ కొండ ఎత్తు 6,252 మీటర్లు. నాకు నానమ్మ చెప్పిన కథ లీలగా గుర్తొచ్చింది: ఒక్కొక్కరే పడిపోతుంటారు, ధర్మరాజు వెనక్కి చూడకుండా నడుస్తుంటాడు, వెంట ఒక కుక్క.

సాయంత్రం ఐదింటికి చెకప్. మా ట్రెక్ లీడర్ దగ్గర ఒక నోట్‌బుక్కు, ఒక ఆక్సీమీటర్. కరోనా పుణ్యమా అని ఆక్సీమీటర్ అందరికీ తెలుసు. ఒక్కొక్కరం లోపలికి పోయి కూర్చోవాలి. ముందు చేతులు రుద్ది వేడి చేసుకోమంటాడు, ఎందుకంటే వేళ్లు చల్లగా ఉంటే అంకె తప్పు చూపిస్తుంది. తర్వాత అందరికీ అవే ప్రశ్నలు. తలనొప్పి ఉందా? సున్నా నుంచి మూడు వరకు ఎంత? వికారం ఉందా? ఎంత? నీరసం? కళ్లు తిరగడం? ప్రతి జవాబుకు ఒక అంకె రాసుకుంటాడు. ఇది కెనడాలోని లేక్ లూయిస్ అనే ఊరి పేరు మీద ఉన్న పద్ధతి, కొండల్లో వచ్చే జబ్బును అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడేది. శుక్రవారం సాయంత్రం అడిగాడు, శనివారం పొద్దున అడిగాడు. అప్పుడు నావి అన్నీ సున్నాలే.

ఈసారి కాదు. మధ్యాహ్నం నుంచే కణతల దగ్గర ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టుంది. భోజనం వాసనకే కడుపు తిప్పింది. వంతు కోసం గుడారం బయట నిలబడి ఉన్నప్పుడు నా బుర్రలో నడిచింది తలనొప్పి కాదు, నాన్న వాక్యం. "ఏమన్న అయితే మాత్రం ఇగ ఎక్కడికీ పంప." తలనొప్పి అని చెప్తే దింపేస్తారు. దింపేస్తే ఇంట్లో తెలుస్తుంది. తెలిస్తే "అందుకే వద్దన్న" అంటారు. నన్నొక్కదాన్నే కాదు, రేపు మా చెల్లి అడిగినా ఇదే ఉదాహరణ. పైగా పద్నాలుగు మందిలో ముగ్గురమే అమ్మాయిలం. మొదట దిగిపోయేది కూడా అమ్మాయే అయితే అబ్బాయిల గుడారంలో ఏం మాట్లాడుకుంటారో నాకు ముందే వినిపిస్తోంది.

ఒక్క రాత్రి ఓర్చుకుంటే అయిపోతుంది కదా అని ఒక వైపు. ఆ "ఒక్క రాత్రి" సంగతి ఏంటో కూడా తెలుసు ఇంకో వైపు. మొదటి రోజే లీడర్ అందరికీ చెప్పాడు. ఎత్తుకు పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. బేస్ క్యాంపులో అది సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులు. అంటే ప్రతి శ్వాసలో మూడో వంతు ఆక్సిజన్ తక్కువ. శరీరం అలవాటు పడటానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. మాది ఆ రాత్రి 600 పైనే పెరిగింది. తక్కువ సెలవులతో వచ్చే వాళ్లందరి సంగతీ దాదాపు ఇంతే. తలనొప్పితో పైకి పోతే అది మెదడులోకి నీరు చేరేదాకా పోవచ్చు, ఊపిరితిత్తుల్లోకీ చేరొచ్చు. మాత్రలు ఉన్నాయి గానీ, నమ్మకమైన మందు ఒక్కటే: కిందికి దిగడం.

లోపలికి పోయా. చేతులు రుద్దుకున్నా. అంకె 76. మా రూమ్మేట్‌కు 90 వచ్చింది.

"తలనొప్పి ఉందా?"

"ఉంది. రెండు."

"వికారం?"

"రెండు."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. రాసుకున్నాడు. "మూడు గంటల తర్వాత మళ్లీ చూద్దాం, వేడి నీళ్లు తాగుతూ కూర్చో, పడుకోకు" అన్నాడు. ఎనిమిదింటికి మళ్లీ చూస్తే 74. ఆ మధ్యలో ఒకసారి వాంతి కూడా అయింది. "ఇప్పుడే దిగుతున్నావు. జూడా తాలాబ్ దాకా. ఒక గైడ్ వస్తాడు" అన్నాడు. అంతే. మందలింపు లేదు, ఓదార్పు లేదు. బ్యాటరీ తగ్గింది, చార్జింగ్ పెట్టు అన్నట్టు.

రూమ్మేట్ బూట్లు తొడగడం మొదలుపెట్టింది. "నువ్వెందుకే?" అన్నా. "నువ్వొక్కదానివే ఎట్ల పోతవే" అంది. ఈ ట్రెక్కు కోసం ఏడాదిగా ట్యూషన్లు చెప్పి డబ్బులు దాచుకుంది అది. నాకు ఈ పిచ్చి అంటించిందే అది. "గైడ్ ఉన్నడు. నువ్వు పైకి పో. పొయ్యొచ్చి నాకు చెప్పు. ఇద్దరం చూడకపోతే ఎట్ల?" అన్నా. కాసేపు గొడవపడ్డాం. చివరికి తన ఉన్ని మఫ్లర్ నా మెడకు చుట్టి పంపింది.

రాత్రి తొమ్మిదింటికి నెత్తికి లైటు కట్టుకుని దిగడం మొదలుపెట్టాం, నేనూ, సాంక్రీ ఊరి గైడూ. మంచు పడుతోంది. నానమ్మ చెప్పింది నిజం, చప్పుడు లేకుండా పడుతోంది. లైటు వెలుగులో ఎదురుగా తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనిపించదు. అతను ముందు నడుస్తూ మడమతో గట్టిగా తన్ని ప్రతి అడుక్కీ ఒక మెట్టు చేస్తున్నాడు. నేను ఆ మెట్టులోనే కాలు పెట్టాలి. ఒక చోట నీటి పాయ మీద పల్చగా గడ్డకట్టింది. అక్కడ కర్రతో కొట్టి చూసి, పక్కనుంచి తీసుకుపోయాడు.

దారిలో నేను అడిగా, "నేను బాగా ప్రాక్టీస్ చేశా. రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తా. సిగరెట్లు తాగే అబ్బాయిలకు ఏమీ కాలేదు, నాకే ఎందుకు?" అని. హిందీలో అడిగా కాబట్టి నా హిందీకి ముందు నవ్వాడు. తర్వాత చెప్పాడు: తను పుట్టింది సాంక్రీలో, పెరిగింది ఈ కొండల్లో. అయినా ఒకసారి పెద్ద కొండ మీద సామాను మోస్తుంటే 5,000 మీటర్లు దాటాక తలనొప్పితో కళ్లు మసకబారాయి. వెనక ఉన్న పట్నం మనిషికి ఏమీ కాలేదు. తనని దింపేశారు. ఆ తర్వాతి సీజన్‌లో అదే కొండకు మళ్లీ పోయాడు, ఏమీ కాలేదు. "పరుగెత్తడం వేరు, ఇది వేరు" అన్నాడు.

తర్వాత చదివితే డాక్టర్లు చెప్పేదీ అదే. ఫిట్‌నెస్ ఎక్కువున్నంత మాత్రాన ఈ జబ్బు రాకుండా ఉండదు. ఎంత వేగంగా పైకి పోయారు, ఎవరి శరీరం ఎట్లాంటిది, ఈ రెండే ముఖ్యం.

పదకొండింటికి చెరువు దగ్గరి క్యాంపుకు చేరాం. 650 మీటర్లు దిగేసరికి స్క్రూ వదులైంది. వేళ్లు వేడి చేసుకుని చూస్తే 86. వంట మనిషి ఇచ్చిన వేడి వేడి పప్పు నీళ్లు కడుపులో నిలిచాయి. పడుకున్నా.

ఆదివారం పొద్దున లేచేసరికి ఆకాశం శుభ్రంగా ఉంది. మా వాళ్లు పైన ఉండి ఉంటారు. ఏడుపు వస్తుందేమో అనుకున్నా, రాలేదు. చెరువు అంచులు గడ్డకట్టి ఉన్నాయి, మధ్యలో ఇంకా నీళ్లే. గైడ్ ఒక చిన్న రాయి తీసి పల్చటి గడ్డ మీదికి వాలుగా విసిరాడు. అది జారుతూ పోతుంటే పిట్ట కూసినట్టు "ట్యూ, ట్యూ, ట్యూ" అని చప్పుడు. గడ్డ పల్చగా ఉన్నప్పుడే ఆ చప్పుడు వస్తుందట, మందమైతే రాదట. అంటే ఈ సీజన్ మొదట్లో వచ్చిన వాళ్లకే. నేను ఒక ఇరవై రాళ్లు విసిరి ఉంటా.

మధ్యాహ్నానికి మా రూమ్మేట్ దిగొచ్చింది. శిఖరం దాకా పోయింది. ముక్కు ఎర్రగా, కళ్లు మెరుస్తూ. ఫోన్ తీసి స్వర్గారోహిణి మీద ఎండ పడుతున్న ఫొటో చూపించింది, ఎంత ఎత్తులో ఎంత గాలి వేసిందో, ఎక్కడ కూర్చుండిపోయిందో అంతా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "మనోళ్లలో ఇంకో ఇద్దరికి రాత్రంతా తలనొప్పేనట. చెప్పలే" అంది. ఒకబ్బాయి సగం దారిలో కూలబడితే ఇద్దరు పట్టుకుని దింపారు. సాంక్రీకి చేరేసరికి బాగానే ఉన్నాడు, అదృష్టం.

సాయంత్రం సాంక్రీలో సిగ్నల్ దొరికాక ఇంటికి ఫోన్ చేశా. "నాన్నా, నేను పైకి ఎక్కలే. తలనొప్పి వచ్చింది, నడిమిట్లనే దిగిన." అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు. "దిగమని ఎవరన్నరు?" "లీడర్. తలనొప్పి ఉందని నేనే చెప్పిన." మళ్లీ నిశ్శబ్దం. "ఇప్పుడెట్లుంది?" "తగ్గింది." "తిన్నవా?" "తిన్న." "సరే. డబ్బులు వాపసు ఇస్తరా మరి, సగమన్న?" వెనక నుంచి నానమ్మ గొంతు: "మంచుల తిరుగకు అంటే ఇన్నదా!"

నాన్న "అందుకే వద్దన్న" అనలేదు. ఎందుకనలేదో నేను అడగలేదు. మళ్లీ పంపిస్తాడా అంటే, అది వచ్చే ఏడాది తేలుతుంది.

తిరిగొచ్చాక క్లబ్బు అల్మారాలో ఉన్న వచన భారతం తీసి చివరి రెండు పర్వాలు చదివా. నా తెలుగు చదివే స్పీడు మీకు తెలుసు, నాలుగు రోజులు పట్టింది. అప్పటిదాకా నాకు "మహాప్రస్థానం" అంటే 1950లో అచ్చయిన శ్రీశ్రీ పుస్తకమే. అది భారతంలో పదిహేడో పర్వం పేరని, తెలుగులో దాన్ని రాసింది తిక్కన అని ఇప్పుడు తెలిసింది.

కథ ఇది. పాండవులు రాజ్యం వదిలేసి ఉత్తరం వైపు, హిమాలయాలు దాటి నడుస్తుంటారు. మొదట పడిపోయేది ద్రౌపది. అవును, మొదట అమ్మాయే. భీముడు అడుగుతాడు, "ఈమె ఎందుకు పడింది?" అని. ధర్మరాజు ఆగకుండానే కారణం చెప్తాడు: మా అయిదుగురిలో అర్జునుడి మీద ఆమెకు పక్షపాతం. తర్వాత సహదేవుడు పడతాడు: తన అంత తెలివైనవాడు లేడనుకున్నాడు. నకులుడు: తన అంత అందగాడు లేడనుకున్నాడు. అర్జునుడు: ఒక్క రోజులో శత్రువులందర్నీ చంపేస్తానని గొప్పలు చెప్పాడు. చివరికి అడిగే భీముడు కూడా పడతాడు: నువ్వు ఎక్కువ తిన్నావు, బలం చూసుకుని మిడిసిపడ్డావు. అందరికీ ఒక్కో కారణం. పడినవాళ్లదే తప్పు. ఆయన వెనక్కి తిరిగి చూడడు.

ఇది చదువుతుంటే నాకు కోపం వచ్చింది, తర్వాత ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో కాదు, మన దగ్గరే. ఎవరైనా పడితే మనం కారణం రెడీగా ఉంచుతాం. బ్యాక్‌లాగ్ వచ్చిందా, ఫోన్ ఎక్కువ చూస్తాడు. ర్యాంకు రాలేదా, కష్టపడలేదు. ఏడాది డ్రాప్ అయిందా, సీరియస్‌నెస్ లేదు. నాలుగు రోజులు రూమ్ నుంచి బయటకు రాలేదా, దానికి ఓవర్ థింకింగ్. ఎంత త్వరగా కారణం దొరికితే అంత త్వరగా మనం ముందుకు నడవొచ్చు. ఆ కారణాలు వినీ వినీ, తలనొప్పి ఉన్నవాళ్లు చెప్పడం మానేస్తారు.

మల్లి మస్తాన్ బాబు గురించి మనలో కొందరికే తెలుసు. నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టి, జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివిన మనిషి. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ మాయమయ్యాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన శరీరం దొరికింది. అంతటి అనుభవం ఉన్న మనిషి పడిపోతే ఏ లోపం అని చెప్తాం? కొండ గుణగణాలు చూసి మనుషుల్ని ఎంచుకోదు. పడినవాళ్లంతా తప్పు చేసి పడలేదు.

అయితే భారతం అక్కడ ఆగలేదు. పద్దెనిమిదో పర్వం ఉంది కదా, స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు స్వర్గానికి పోతాడు. చూస్తే దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉంటాడు, తమ్ముళ్లు లేరు. వాళ్లెక్కడ అంటే ఒక దూత ఆయన్ని నరకం దారిలో తీసుకుపోతాడు. చీకటి, దుర్వాసన. భరించలేక వెనక్కి తిరగబోతాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు వినిపిస్తాయి: కాసేపు ఉండు, నువ్వుంటే మాకు చల్లగా ఉంది. అప్పుడు ఆయన అడుగుతాడు, "మీరెవరు?" అని. నేను కర్ణుణ్ని, నేను భీముణ్ని, నేను ద్రౌపదిని అని ఒక్కొక్కరే చెప్తారు. ఇంక ఆయన అక్కణ్నుంచి కదలనంటాడు. స్వర్గం వద్దంటాడు.

నాకు నచ్చింది ఇది. కొండ మీద ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరికీ కారణాలు చెప్పేసిన మనిషి, చివర్లో చీకట్లో నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. అడిగాకే వాళ్లు పేర్లు చెప్పారు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో పోలింగ్, ఇంటరప్ట్ అని రెండు పద్ధతులు చదువుకున్నాం. ఇంటరప్ట్ అంటే, పరికరానికి అవసరం వచ్చినప్పుడు అదే ప్రాసెసర్‌ని పిలుస్తుంది. పోలింగ్ అంటే, ప్రాసెసరే మాటిమాటికీ పోయి "ఏమన్నా ఉందా?" అని అడుగుతుంది. పోలింగ్ టైమ్ వేస్ట్ అని పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. మెషీన్ల సంగతి అదే కావచ్చు. మనుషుల్లో మాత్రం ఇంటరప్ట్ ఇచ్చేవాళ్లు తక్కువ. ఆ రాత్రి గుడారంలో నేను నోరు తెరవగలిగింది ధైర్యం వల్ల కాదు. ఒక మనిషి నోట్‌బుక్కు పట్టుకుని, అందర్నీ అవే ప్రశ్నలు, రోజుకు రెండుసార్లు, ఏ జవాబుకూ ముఖం మార్చకుండా అడిగాడు కాబట్టి. అంత చేసినా ఇద్దరు చెప్పలేదు. అడగకపోతే ఎందరు చెప్పేవాళ్లు కారో ఆలోచించండి.

మా వింగ్‌లో ఎనిమిది రూములున్నాయి. సెలవుల తర్వాత మేమిద్దరం ఒక పని మొదలుపెట్టాం. శుక్రవారం రాత్రి మెస్ నుంచి వచ్చాక ప్రతి తలుపూ తట్టి అడుగుతాం: "తలనొప్పి ఉందా? సున్నా నుంచి మూడు." మొదట్లో అందరూ నవ్వారు, "సున్నా, పోవే" అన్నారు. రెండో వారం ఒకమ్మాయి "ఒకటి" అంది, ల్యాబ్ రికార్డు గొడవ. మూడో వారం చివరి రూములో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అమ్మాయి తలుపు సగమే తెరిచి, కాసేపు ఆగి, "మూడు" అంది.

ఎందుకని అడగలేదు. లోపలికి పోయి కూర్చున్నాం.